నామావళియే గ్రంథము

ఫ్రాన్సు దేశమునుండి ఆష్విట్జ్ మొదలగు మారణశిబిరములకు తరలింపబడిన యూదుల స్మారకముగా సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ 1978లో ప్రకటించిన గ్రంథమును సాహిత్యమని చెప్పవచ్చునాయని మిత్రులు కొందఱు శంకించుచున్నారు. అందు కథ లేదు, వర్ణన లేదు. ఒక్కొక్క రైలుబండి నెక్కించిన వారి పేర్లు, పుట్టిన తేదులు, పుట్టిన యూళ్లు కలవు. మొత్తము సుమారు 76,000 మంది. వీరిలో బ్రతికి వచ్చినవారు సుమారు 2,500. దీనిని మొదటినుండి తుదివఱకు చదువువారు అరుదనుట నిజమే. కాని తర్పణమున పేరును గోత్రమును పలుకు సంప్రదాయమున పెరిగినవారికి, నామోచ్చారణ యెట్టి పనియో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ పట్టికలను వ్రాసినది హంతకుల కొలువుననున్న గుమాస్తాలు. 1940 అక్టోబరులో జర్మను అధికారుల యాజ్ఞ ననుసరించి పారిసు ప్రాంతపు యూదులు పోలీసు ఠాణాలకు తామే పోయి పేర్లు వ్రాయించుకొనిరి. ఆ వివరములతో ఫ్రెంచి పోలీసులు మనిషికొక చీటీ సిద్ధపఱచి బీరువాల కెక్కించిరి. 1942 జూలై 16, 17 తేదులలో ఆ చీటీల యాధారముననే యిండ్లపైబడి సుమారు 13,000 మందిని పట్టుకొనిరి. అందు 4,000కు పైగా పిల్లలు. బండి కదలునప్పుడు టైపు చేసిన పట్టికల ప్రతులు, 1943లో గ్రెనోబుల్ పట్టణమున యూదులే రహస్యముగా స్థాపించిన పత్రాలయమునకు యుద్ధానంతరము చేరినవి. క్లార్స్‌ఫెల్డ్ తండ్రియు 1943లో నీసు నగరమున పట్టువడి ఆష్విట్జ్‌లో మడిసెను. ఆయనయు తన బండివారి పట్టికలో నొక పంక్తి.

ఆ పంక్తులను నిదానముగ చదువుడు. తండ్రి పుట్టినది వార్సా, బిడ్డ పుట్టినది పారిసు. ఫ్రాన్సును నమ్మి వచ్చిన కుటుంబముల చరిత్ర యంతయు ఆ రెండు మాటలలో నున్నది.

2012 నాటి కూర్పున క్లార్స్‌ఫెల్డ్ పేర్లన్నిటిని అకారాదిక్రమమున పొందుపఱచి, చిరునామాలును చేర్చెను. ఒకే యింటివారు ఒకే పుటలో కలిసికొనిరి. ఇది దయగల పని. బంధువులకు గొప్ప యుపకారము. అయినను విమర్శకులుగా మేము పాత కూర్పునే మిన్నయందుము. పితివియె, బోన్-లా-రోలాండ్ శిబిరములలో తల్లుల నుండి బిడ్డలను లాగివేసి, తల్లులను ముందు బండ్లలో పంపిరి. బిడ్డలను ద్రాన్సీ శిబిరమునకు చేర్చి, ఆగష్టు నడిమినుండి వేఱు బండ్ల కెక్కించిరి. 1978 నాటి గ్రంథమున తల్లిపేరు చూచిన పాఠకుడు బిడ్డపేరునకై అనేక పుటలు త్రిప్పవలెను. ఆ వెదకులాటలో జరిగిన ఘోరము తెలియును. క్రొత్త కూర్పున ఆ యెడబాటు పుటల వరుసలో కానరాదు.

ఇంకొక చిక్కు కలదు. ఇంటిపేరు చెప్పనేరని పసివారు కొందఱు ద్రాన్సీ చేరిరి. పట్టికలో వారి పేరుండవలసిన చోట ప్రశ్నార్థకచిహ్నము పెట్టిరి. అకారాదిక్రమమున వారి నే యక్షరముక్రింద చేర్చవలెను? బండి వరుసలో మాత్రము, తోడ నెక్కిన పిల్లల నడుమ, వారికి చోటున్నది.