మహమూద్ సిపాయి, అలీ బూట్లు

ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్‌గాహ్’ (1933) చదివిన వాళ్లెవరికైనా ముందు గుర్తొచ్చేది హమీద్ కొన్న పట్టకారు. రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ అమీనా వేళ్లు కాలుతున్నాయని ఉన్న మూడు పైసలూ దానికే పెట్టేశాడు. తోటి పిల్లల మట్టిబొమ్మలు ఇల్లు చేరాక ఒక్కొక్కటే పగిలిపోయాయి. పట్టకారు నిలిచింది కాబట్టి హమీదే తెలివైనవాడని బళ్లో చెబుతారు.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ తోటి పిల్లల్లో ఒకడైన మహమూద్. వాడి సిపాయి బొమ్మకు కాలు విరిగింది. మేడిపాలతో అతికించబోయాడు, అతకలేదు. అప్పుడు రెండో కాలూ విరిచేశాడు, కనీసం ఒకచోట కుదురుగా కూర్చుంటాడని. పోయినదాన్ని పసివాడు తన ఆటలోకే మళ్లీ ఎలా లాక్కుంటాడో ఇంతకంటే బాగా ఎవరు చెప్పారు? ప్రేమ్‌చంద్ దీన్ని కొద్ది వాక్యాల్లో, నవ్విస్తూ దాటేస్తాడు. ఆయనకు కావలసింది హమీద్. అమ్మానాన్నలు చనిపోయారని కూడా ఆ నాలుగైదేళ్ల వాడికి తెలియదు. నాన్న సంపాదనకు వెళ్లాడనీ, అమ్మ అల్లా దగ్గర నుంచి మంచి మంచి వస్తువులు తెస్తుందనీ నమ్ముతాడు. అంత పెద్ద నష్టాన్ని ఎవరి నుంచి దాచారో ఆ పిల్లవాడి చేతే పెద్దరికం చేయించడం నాకు కష్టంగా ఉంటుంది.

మజీద్ మజీదీ ఇరాన్‌లో తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ (1997)లో అలీ కూడా పేదింటి పిల్లవాడే. బాగుచేయించి తెస్తున్న చెల్లెలు జహ్రా బూట్లు కూరగాయల కొట్టు దగ్గర పోగొట్టాడు. ఉన్న ఒక్క జతనే ఇద్దరూ వంతులేసుకుంటారు. ఆమె పొద్దున బడి నుంచి సందుల్లో పరుగెత్తుకొచ్చి బూట్లిస్తే, అతను మధ్యాహ్నం బడికి పరుగెడతాడు. పరుగుపందెంలో మూడో బహుమతి బూట్లని తెలిసి, వాటిని తెస్తానని చెల్లెలికి మాటిచ్చాడు. పందెంలో కిందపడి, లేచి, తెగించి పరుగెత్తేసరికి మొదటి స్థానం వచ్చింది. చుట్టూ అందరూ పొగుడుతుంటే వాడు ఏడుస్తున్నాడు. గెలుపే ఆశాభంగమైన ఆ ముఖాన్ని మజీదీ ఏ మాటతోనూ కప్పలేదు.

తండ్రి కొత్త బూట్లు కొన్న సంగతి సైకిల్ మీద మనకు కనిపిస్తుంది. అలీకి తెలియదు. తెలియకుండానే సినిమా అయిపోతుంది. మన మనసు కుదుటపడింది, వాడి దుఃఖం మాత్రం ఎవరూ తగ్గించకుండా వాడిదిగానే మిగిలింది. హమీద్‌కు అమీనా కన్నీళ్లు, దీవెనలు అప్పటికప్పుడే దక్కాయి. అందుకే ‘ఈద్‌గాహ్’ పెద్దలకు ఎక్కువ ఊరట. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవాలంటే నేను మజీదీ సినిమానే పెడతాను.