సంతాపపు సెలవు

ఈ వారము, జనవరి 11వ తేదీన, మా యూరి ఉన్నత పాఠశాలలో జరిగిన లాల్ బహదూర్ శాస్త్రిగారి వర్ధంతి సభకు పోయి కొంత చిరాకుతో తిరిగివచ్చితిని. రెండు నిమిషముల మౌనము ముగిసినంతనే పిల్లలను బారులుగా తరగతులకు పంపుటకు మాఱుగా, సాంఘికశాస్త్రము బోధించు చిన్నవయసు పంతులమ్మగారు వారిని మైదానముననే కూర్చుండబెట్టి, ఏమైన అడుగుడనగా, తాష్కెంటు ఎచ్చటనున్నదని యొకడు, ప్రధాని పోయిన దినమున దేశము నెవరు నడపుదురని యొకతె, ఒకరి మాట కొకరు అడ్డుపడుచు అడుగసాగిరి. బడిలో మౌనమునకు చోటుండవలెనని ఏండ్ల తరబడి ఈ శీర్షికలో మొఱపెట్టుకొనుచున్న నాకు ఆ కలకలము అపచారముగా తోచెను.

1966లో మా ప్రధానోపాధ్యాయులు అదే వార్తను మాకు చెప్పిన తీరు వేఱు. తిండిగింజలు కఱవైన ఆ దినములలో, వారమున కొకపూట భోజనము మానుడని శాస్త్రిగారు కోరగా, మా యింట సోమవారపు రాత్రి పొయ్యి వెలుగుట మానెను. జనవరి 10 సోమవారము. ఆ దినమున ఆయన తాష్కెంటులో ఆయూబ్ ఖానుతో ఒడంబడికపై సంతకము చేసెను. మేము పస్తుతో నిదురించిన ఆ రాత్రియే, పరదేశమున, కన్నుమూసెను. మంగళవారము ప్రార్థనవేళ మాస్టారు ఉత్తరీయము సవరించుకొని, "నాయనలారా, మన శాస్త్రిగారు ఇక లేరు" అని, 1956లో మహబూబునగరము చెంత వంతెన కూలి రైలు పడిపోయినపుడు రైల్వేమంత్రిగా ఆయన రాజీనామా నీయబోగా నెహ్రూ వలదనుటయు, నవంబరులో అరియలూరు ప్రమాదము జరుగగా పట్టుబట్టి పదవి విడుచుటయు, గొంతు పెంచక, తడబడక చెప్పి, పిదప మౌనము పాటింపజేసిరి. అంతటి నిండుదనముతో దుర్వార్త చెప్పినవారిని నేను మరల చూడలేదు.

ఆ వెంటనే సెలవుగంట మ్రోగెను. సంక్రాంతి దినములగుటచే, గేటు దాటినంతనే పిల్లలందఱు భోగిపిడకల దండల మాట, గాలిపటముల మాట ఎత్తుకొనిరి. పసివారిని తప్పుపట్టను, విడిచిపెట్టినవారు పెద్దలు. నాకు మాత్ర మొక సందేహము మిగిలెను: అడిగిన మహానుభావుడే పోయెను గదా, వచ్చు సోమవారము రాత్రి అన్నము తినవచ్చునా? అమ్మ నడిగితిని, ఆమె నాన్నవంక చూచెను, ఆయన, "మీ మాస్టారిని అడుగుము" అనెను. బడి మూసియుండెను. పండుగ సెలవులు ముగిసి తెఱచునప్పటికి ఆ ప్రసంగమే లేకపోయెను. కొన్ని వారములకు మా యింట సోమవారపు పొయ్యి, ఎవరును ఏమియు ననకుండగనే, తిరిగి వెలిగెను.

ఇంటికి వచ్చి ఇదంతయు తలచుకొనుచుండగా పంతులమ్మగారిపై నా చిరాకు నిలువలేదు. ఆ పస్తు ఎందుకని యొక బాలుడు అడిగినపుడు, అమెరికా ఓడలపై వచ్చు గోధుమలకై దేశము ఎదురుచూచిన దినములవని ఆమె తొందరపడక వివరించెను. మా మాస్టారి వాక్కునకు ఆమె వాక్కు సాటిరాదు. అయినను చెప్పి, చెప్పినచోటనే నిలిచినది ఆమె; మమ్ము గంట కొట్టి పంపివేసిరి.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపము: అటువంటి దినము మరల వచ్చినచో ఒక్క పీరియడు పిల్లలతో కూర్చుండుడు, వారి నడుగనిండు. సెలవుగంట మధ్యాహ్నము కొట్టినను చాలును.