మ్యాప్‌లో మెకానిక్ పనితనం

ఎండలు ముదిరాక విజయవాడలో ఏసీ మెకానిక్ దొరకడం గగనమే. ‘దగ్గర్లో ఏసీ రిపేర్’ అని ఫోన్‌లో కొడితే మ్యాప్ కింద మూడు పేర్లు వస్తాయి. ఆ మూడింట్లో చోటు కోసం మెకానిక్‌లు పడే పాట్లు చూస్తే నవ్వొస్తుంది. ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఫ్రిజ్ రిపేర్ విజయవాడ’ అంటూ దుకాణం పేరుకు రైలు బోగీలు తగిలిస్తారు. బోర్డు మీద, బిల్లు మీద ఉన్న పేరే మ్యాప్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్లోనూ ఉండాలన్నది గూగుల్ నియమం. తప్పితే ప్రొఫైలే ఆగిపోవచ్చు.

సత్యనారాయణపురం వైపు పనిచేసే ఒకాయన ప్రొఫైల్ చూడండి. పేరు రెండే మాటలు. ప్రధాన కేటగిరీ ఏసీ రిపేరు. ఇంకో 9 పెట్టుకునే వీలున్నా ఈయన పెట్టింది ఒక్కటే, ఫ్రిజ్ రిపేరు. చేతకాని పని రాసుకోలేదు. దుకాణం లేదు కాబట్టి ఇంటి అడ్రసు దాచి, తాను వెళ్లే పేటలు మాత్రం ఇచ్చారు. 20 దాకా ఇవ్వొచ్చు, ఐదే ఇచ్చారు. ఊరంతా రాసుకుంటే ఊరంతటా పైకి రారు మరి. గూగుల్ దూరం కూడా చూస్తుంది. డబ్బు కట్టినా ఈ వరుసలో పైకి జరగరు. ప్రకటనల సంగతి వేరు.

ఫొటోల్లో నవ్వే మోడళ్లు లేరు. దుమ్ము పట్టిన అవుట్‌డోర్ యూనిట్, కడిగాక అదే యూనిట్, అదే కోణంలో.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక్క స్టారు రివ్యూకి ఆయనిచ్చిన జవాబు. గ్యాస్ నింపించుకున్న నెలకే చల్లదనం పోయిందని కస్టమర్ మండిపడ్డారు. గ్యాస్ దానంతటది అయిపోదని, ఎక్కడో లీకుంటేనే పోతుందని, ఆ లీకు వెతక్కుండా నింపడం తన తప్పేనని రాశారాయన. వచ్చి చూస్తాను, మళ్లీ గ్యాసుకు డబ్బు వద్దన్నారు. నాలుగు వాక్యాలు. కోపంగా ఉన్న ఆ ఒక్కరికే కాదు, ఎవరిని పిలవాలా అని తటపటాయించే ప్రతి ఇంటికీ అది జవాబే. డిస్కౌంటు ఆశచూపి రివ్యూలు రాయించుకోవడం నిషిద్ధం. ఇలాంటి జవాబు ముందు ఆ అవసరమూ రాదు. ఆ కస్టమర్ తర్వాత ఒక్క స్టారును నాలుగు చేశారు. ఐదు చేయలేదు. నాకు అదే ఎక్కువ నమ్మకం కలిగించింది.

పండగ సెలవులు కూడా ప్రొఫైల్లో ముందే పెట్టేస్తారు. లోపమల్లా ఒకటే: వేరే డైరెక్టరీలో ఇంకా పాత ఫోన్ నంబరే ఉంది. అటు చూసి ఫోన్ చేసినవాళ్లకు ఈయన దొరకరు.