పొలిమేర దాటే హక్కు

రాయచోటిలోనో రాజంపేటలోనో ఏ వీధిలో అడిగినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటి చూపిస్తారు. అక్కడున్న భర్త దగ్గరికి పోవాలంటే భార్యకు రెండు కాగితాలు కావాలి. వీసా కువైట్ చేతిలోది. అది రాకపోతే మన కోర్టులు చేయగలిగింది లేదు. పాస్‌పోర్టు మన ప్రభుత్వానిది. అది ఇవ్వనంటే ఎందుకని నిలదీయవచ్చు, హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ నిలదీసే బలం ఇచ్చిన తీర్పు ఒక తెలుగు న్యాయమూర్తి రాసింది. ఆయన కోకా సుబ్బారావు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రానికి 1954లో గుంటూరులో పెట్టిన హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదలడానికి ఒక్కరోజు ముందు, 1967 ఏప్రిల్ 10న, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో ఆయన ఈ తీర్పు చెప్పారు. సాహ్నీ దిగుమతుల వ్యాపారి. లైసెన్సు షరతులు మీరారన్న అనుమానంతో, పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేయమని అధికారులు 1966లో ఉత్తరాలు రాశారు. పాస్‌పోర్టు ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కూడదో చెప్పే చట్టం అప్పటికి లేదు. అది పరదేశాలకు మేము రాసిచ్చే సిఫారసు, ఇవ్వడం మా ఇష్టం అన్నది ప్రభుత్వ వాదన.

సుబ్బారావు ఆ నిర్వచనంతో తగవు పడలేదు. పాస్‌పోర్టు అంటే ఏదైనా కానివ్వండి, అది లేనివాడికి ఏమవుతుందో చూద్దామన్నారు. ఓడ ఎక్కించుకోదు, విమానం ఎక్కించుకోదు. కాబట్టి పాస్‌పోర్టు కాదనడమంటే ప్రయాణం కాదనడమే. ఈ తీర్పులో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఈ మలుపే. పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండానే సగం కేసు ఇక్కడ తేలిపోయింది.

మిగిలిన సగంలో పనితనం ఇంకా సూక్ష్మం. 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో ఆయనది భిన్నాభిప్రాయం. అయినా ఇక్కడ తన పాత మాటను మాత్రమే నమ్ముకోలేదు. 21వ అధికరణంలోని వ్యక్తిస్వేచ్ఛ విశాలమైనదని ఆనాటి మెజారిటీ కూడా అంగీకరించిందని చూపి, దానిమీదే విదేశయాన హక్కును నిలబెట్టారు. చట్టం లేకుండా దాన్ని హరించకూడదు. హద్దులేని విచక్షణ ఒకరికి ఇచ్చి మరొకరికి కాదంటుంది గనుక 14వ అధికరణమూ ఒప్పదు. అలాగని అడిగినవారందరికీ పాస్‌పోర్టు ఇచ్చి తీరాలనీ అనలేదు. కట్టడి కావాలంటే చట్టం చేసుకోమన్నారు. ఆ నిగ్రహమే తీర్పుకు బలం.

ఆయన ఆసరా తీసుకున్న తీర్పుల్లో అమెరికా సుప్రీంకోర్టు 1958లో ఇచ్చిన కెంట్ కేసు ఒకటి. అదే కోర్టు 2024 జూన్‌లో మునోజ్ కేసులో, భర్తకు వీసా నిరాకరణను సవాలు చేసిన పౌరురాలికి అతన్ని దేశంలోకి రానివ్వమనే రాజ్యాంగ హక్కు లేదంది. ఆ హక్కు దేశ చరిత్రలో ఎంత లోతుగా నాటుకుందని వెతికింది. విడిపోయిన ఆలుమగలకు ఏమవుతుందన్న ప్రశ్న నుంచి మొదలుపెట్టి ఉంటే తీర్పు ఎటు పోయేదో అనిపిస్తుంది.

సత్వంత్ సింగ్ తీర్పు ఐదుగురిలో ముగ్గురి మెజారిటీతో నెగ్గింది. న్యాయమూర్తులు హిదయతుల్లా, బచావత్ ఒప్పుకోలేదు. ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఏయే కారణాలతో నిరాకరించవచ్చో ఆరో సెక్షన్ వరసగా చెప్తుంది. కారణం రాసిపెట్టాలనీ, అడిగితే నకలు ఇవ్వాలనీ ఐదో సెక్షన్ చెప్తుంది. దేశభద్రత వంటి కొన్నిచోట్లే మినహాయింపు. ఆ నకలు చేతిలో ఉంటే అప్పీలులో దేన్ని కొట్టాలో వకీలుకు తెలుస్తుంది.