పెద్ద ప్రింటుకు ముందు ఈజిల్ చూడండి

నలుపు తెలుపు ఫొటోని 16×20 అంగుళాలకు పెంచాలని సరదాపడేవాళ్లు ముందు ఎన్‌లార్జర్ గురించి, ఆ తర్వాత లెన్సు గురించి అడుగుతారు. కాగితాన్ని కదలకుండా పట్టి ఉంచే ఈజిల్ సంగతి ఆఖరికి గానీ గుర్తురాదు. నన్నడిగితే మొదట చూసుకోవాల్సింది దాన్నే.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో ఈజిల్ అవసరం అంతగా లేదు. పెద్ద గాజు పలక మీద బొమ్మ తీసి, పలకనీ కాగితాన్నీ ఒకే చట్రంలో బిగించి ఎండకు పెడితే పలకంత ప్రింటు వచ్చేది. 1925లో లైకా కెమెరా బజారుకొచ్చాక చిన్న ఫిలింకి గిరాకీ పెరిగింది. ఆ ఫిలిం మీది 24 మిల్లీమీటర్ల వెడల్పు నెగెటివ్‌ని 16 అంగుళాలకు సాగదీయాలంటే 17 రెట్లు పెంచాలి. 50 ఎం.ఎం. లెన్సు పెడితే, లెన్సుకీ కాగితానికీ మధ్య దాదాపు 90 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. అంత ఎత్తు నుంచి పడే వెలుగు పలచబడుతుంది. 8×10 ప్రింటుకి పది సెకన్లు సరిపోయిన చోట దీనికి ముప్ఫై అయిదు పడుతుంది. ఆ ముప్ఫై అయిదు సెకన్లలోనే ఒక మూల నీడ భాగం మీద వెలుగు పడకుండా చేత్తో కాసేపు అడ్డాలి, ఆ తర్వాత ఇంకో మూల ఆకాశానికి ఎక్కువ వెలుగివ్వాలి. మోచెయ్యి తగిలి ఈజిల్ వెంట్రుకవాసి జరిగినా బొమ్మ అలికేసినట్టే. కాబట్టి బరువైన ఈజిలే మేలు. తేలికపాటిదైతే అడుగున రబ్బరు పట్టా వేసుకోవాలి.

రెండు బ్లేడ్ల ఈజిల్లో రెండు అంచులే జరుగుతాయి, మిగతా రెండు వైపులా మార్జిను దాదాపు కట్టుబడి ఉంటుంది. నాలుగు బ్లేడ్లదైతే బొమ్మని కాగితం మీద ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోబెట్టుకోవచ్చు. ధర ఎక్కువే అయినా పెద్ద ప్రింటుకి నా ఓటు దానికే. కానీ చవకబారు రకాల్లో బ్లేడ్లు పలచగా ఉండి కోణం తప్పుతాయి. వడ్రంగి మూలమట్టం నాలుగు మూలల్లోనూ ఆనించి చూడండి. తర్వాత టేపుతో రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా రాకపోతే ఆ ఈజిల్ వదిలేయండి. అడుగు పలక పసుపో నలుపో అయితే మంచిది. తెల్లదైతే పలచని కాగితంలోంచి దిగిన వెలుగు వెనక్కి తగిలి తెలుపుని మసకబారుస్తుంది.

విశాఖపట్నం వన్ టౌన్‌లో డార్క్ రూమ్ పెట్టుకునేవాళ్లకి ఇంకో రెండు బెడదలున్నాయి. సముద్రపు తేమకి ఉక్కు బ్లేడ్లు తుప్పు పడతాయి, ఆ తుప్పు మరక కాగితానికి అంటుతుంది. ఫిక్సరు తగిలిన వేళ్లతో వాటిని ముట్టుకోకండి, పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి కప్పి ఉంచండి. రెండోది ఓడరేవు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజాల దుమ్ము. నెగెటివ్ మీద పదో వంతు మిల్లీమీటరు నలుసు, 16×20 ప్రింటులో దాదాపు రెండు మిల్లీమీటర్ల తెల్లమచ్చ అవుతుంది. కిటికీలు మూసి, నేల తడిగుడ్డతో తుడిచి, కాసేపాగి పని మొదలుపెట్టాలి.

20×24కి వెళ్తే నాలుగు బ్లేడ్ల ఈజిల్ దొరకడమూ కష్టమే, మోయడమూ కష్టమే. ఎప్పుడూ ఒకే కొలతలో ప్రింట్లు తీసేవాళ్లు వడ్రంగి దగ్గర చేయించుకోవడమే తెలివైన పని. వంకర తిరగని మందపాటి ప్లైవుడ్ పలక, రెండు వైపులా కాగితం ఆనుకునే అడ్డుపట్టీలు, పైన కీలుతో మూసుకునే టేకు చట్రం, మెరవని నల్లరంగు. ఇంతే. చట్రం లోపలి అంచుని ఏటవాలుగా చెక్కమని మాత్రం చెప్పండి. నిటారుగా ఉంటే దానికి తగిలి తిరిగొచ్చే వెలుగు మార్జిను పక్కన బూడిదరంగు చారలా పడుతుంది.

ఎన్‌లార్జర్ స్తంభాన్ని పైదాకా ఎత్తి, కింద ఈజిల్ పడుతుందో లేదో ముందే అట్టముక్కతో కొలిచి చూసుకోండి. ఆ కొలతా, ఓ మూలమట్టమూ చేత పట్టుకుని అప్పుడు బజారుకెళ్లండి.