యాత్ర ఎవరిని మార్చింది? - ‘కాశీయాత్ర చరిత్ర’పై ఒక పరిశీలన

1. ప్రవేశిక

కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతికి వెళ్లి ‘కాశీయాత్ర చరిత్ర’ పాఠం చెబుతున్నాను. యాత్రానుభవాలు మనిషి జీవితాన్ని మారుస్తాయనీ, ఏనుగుల వీరాస్వామయ్య రచన అందుకు నిదర్శనమనీ పాతికేళ్లుగా చెబుతున్న మాటనే మళ్లీ చెప్పాను. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, “ఆయన మారినట్టు ఎక్కడ రాశారు సార్?” అని అడిగింది. పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు మూలగ్రంథం మొత్తం చదివి వచ్చిందామె. “చూసి చెబుతానమ్మా” అన్నాను. నిజానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

2. రచయిత, రచన

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నా, ఇంగ్లీషు నేర్చుకుని, మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ స్థాయికి ఎదిగారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా దారిన దిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు తిరిగి వచ్చారు. రైళ్లు లేని రోజులు. వెంట దాదాపు వందమంది పరివారం. దారిలో రాసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపేవారు. వీరాస్వామయ్య 1836లో మరణించారు. పిళ్లై 1838లో ఆ రాతలను అచ్చు వేయించారు. తరవాత 1941లో దిగవల్లి వేంకటశివరావు సంపాదకత్వంలో ఈ గ్రంథం మళ్లీ వెలువడింది.

3. రచనలో కనిపించని మార్పు

యాత్ర తన జీవితాన్ని మలుపు తిప్పిందని చెప్పుకున్న రచయితలు ఉన్నారు. 1893లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషన్‌లో తనను రైలు నుంచి దింపేసిన రాత్రి గురించి గాంధీజీ ఆత్మకథలో స్వయంగా రాశారు. చలిలో కూర్చుని తానేం నిశ్చయించుకున్నారో కూడా చెప్పారు. అక్కడ విమర్శకుడికి వెతికే పని తక్కువ.

వీరాస్వామయ్య దగ్గర అలాంటి రాత్రి ఏదీ లేదు. ఆచారపరుడైన గృహస్థుగా బయలుదేరారు, ఆచారపరుడిగానే తిరిగి వచ్చారు. తీర్థాల్లో చేయవలసిన విధులన్నీ చేశారు. కంపెనీ పాలన మీద ఆయనకున్న సదభిప్రాయం కూడా దారిలో చెదరలేదు. కనుక యాత్ర ఆయనను సంస్కర్తగా మార్చిందని రాస్తే అది మన కోరిక అవుతుంది, గ్రంథం చెప్పిన మాట కాదు. ఆ విద్యార్థిని పట్టుకున్నది సరిగ్గా ఈ తప్పునే.

4. మార్పు జాడ

అయితే మార్పు లేదా? ఆయన వృత్తిని గుర్తు పెట్టుకుని గ్రంథాన్ని మళ్లీ చదవండి. కోర్టులో ఇంటర్‌ప్రిటర్ పని దుబాసీ పని. సాక్షి చెప్పింది న్యాయమూర్తికి, న్యాయమూర్తి అడిగింది సాక్షికి చేరవేయాలి. సొంత మాట ఒక్కటి కలిపినా తప్పే. ఇంకొకరి మాటను నమ్మకంగా పలకడమే అక్కడ గొప్పతనం.

యాత్రలో ఆ కట్టుబాటు లేదు. ఒక ఊరు చేరగానే దారి ఎలా ఉంది, నీటి వసతి ఏమిటి, బజారులో ఏమి దొరుకుతాయి, దిగడానికి తగిన చోటు ఉందా అని చూసి రాస్తారు. నైజాం రాజ్యంలో జనం ఆయుధాలు ధరించి తిరగడం గమనిస్తారు. ఇది మంచిది, ఇది కాదు అని తీర్పు చెబుతారు. యాభై ఏళ్ల వయసులో దుబాసీ తన మాట తాను చెప్పుకోవడం ఈ పుటల్లో మనకు వినిపిస్తుంది. పుణ్యం కోసమే అయితే ఈ వివరాలు అక్కరలేదు. తీర్థస్నానం ఫలం చేసినవాడిది. మంచినీళ్ల బావి ఎక్కడుందో రాస్తే ఆ ఫలం వెనక వచ్చే బాటసారిది.

భాష కూడా ఇందుకు సాక్ష్యం. ఆనాటి వాడుక మాటలు, కచేరీల్లో నలిగిన ఉర్దూ, ఇంగ్లీషు పదాలు సంకోచం లేకుండా వాక్యంలోకి వస్తాయి. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లో వచ్చింది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం ఇరవయ్యో శతాబ్దపు మాట. వాటికి ముందే, మిత్రుడికి చెబుతున్నట్టు రాసిన వచనం ఇది. ఇదంతా యాత్ర వల్లనే జరిగిందని నిరూపించలేం. కానీ కోర్టులో ఆయన పలికిన మాటలు ఇతరులవి, నేడు ఆయన పేరు నిలబెట్టినవి దారిలో రాసిన సొంత మాటలు.

5. ఒక పరిమితి

ఈ ప్రశంస దగ్గరే విమర్శ ఆగకూడదు. ఆ దారంతా సవారీ మోసిన బోయీలు కూడా అన్ని నదులూ దాటారు, అన్ని ఊళ్లూ చూశారు. యాత్ర వాళ్లను ఏం చేసింది? అది వాళ్ల మాటల్లో మనకు దొరకదు. రాయగలిగినవాడి అనుభవమే చరిత్ర అయింది. యాత్రాసాహిత్యం చదివేటప్పుడు ఎవరు నడిచారు, ఎవరు రాశారు అనే రెండు ప్రశ్నలూ వేసుకోవాలి.

6. ముగింపు

‘యాత్ర జీవితాన్ని మారుస్తుంది’ అనే వాక్యం పరీక్షలో రాయడం తేలిక. ఏ పుటలో, ఏ మాటలో మార్పు కనిపించిందో చూపించినప్పుడే అది విమర్శ అవుతుంది. నేను పాతికేళ్లు చేయని పని అదే. ఇప్పుడు ఆ విద్యార్థిని ఎదురైతే ఇలా చెబుతాను: “మారానని ఆయన ఎక్కడా రాయలేదమ్మా. రాయడమే ఆయనలో వచ్చిన మార్పు.”

ఆలోచించండి: మీరు చేసిన ఒక ప్రయాణాన్ని తలచుకోండి. దాని గురించి పది వాక్యాలు రాయండి. వాటిలో ఎన్ని మీరు చూసినవి, ఎన్ని ఇతరులు చెప్పగా విన్నవి? వేరుచేసి చూడండి.