గింజ నలగకూడదు

చెనక్కాయలు పెరికే కాలం వస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఇంటిముందర కాయలు రాశి పోసి ఉంటాయి. పెద్దవాళ్లు ఒలుస్తూ ఉంటే పక్కనే పసిబిడ్డ ఆడుకుంటూ ఉంటుంది. చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ఆ రోజుల్లో దగ్గుతో వచ్చే ప్రతి బిడ్డ తల్లినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏమన్నా నోట్లో పెట్టుకున్నాడామ్మా?" తరచుగా వినే జవాబు కూడా ఒకటే: "ఆడుకుంటా ఉండి ఒకతూరి గట్టిగా దగ్గినాడు సార్. మళ్లా బాగానే ఉండాడు."

నన్ను భయపెట్టేది ఆ రెండో మాటే. గింజ శ్వాసనాళం దాటి ఒక పక్క గొట్టంలో కూర్చున్నాక దగ్గు సద్దుమణుగుతుంది. గంటలో, రోజులో బిడ్డ మామూలుగానే తిరుగుతాడు. రూపాయి బిళ్ల మింగితే ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. చెనక్కాయ గింజ కనిపించదు. ఒక పక్క ఊపిరితిత్తిలో గాలి చిక్కి ఉబ్బిందా, లేక ముడుచుకుపోయిందా అన్నది చూసి పోల్చుకోవాలి. ఈలోగా గింజ తేమ పీల్చి మెత్తబడుతుంది, దాని నూనె లోపలి పొరను వాచేలా చేస్తుంది. చెనక్కాయతో వచ్చే ఈ వాపును ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టినవాడు అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్.

నా పనిముట్ల చరిత్రలో నేను ఎక్కువగా గౌరవించే మనిషి ఆయన. 1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్టావ్ కిలియన్ ఒక రైతు ఊపిరితిత్తికి పోయే గొట్టంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం ద్వారా తీసి బ్రాంకోస్కోపీకి, అంటే గొట్టంతో ఊపిరి దారిలోకి చూసే విధానానికి, దారి వేశాడు. ఆ దారిని పద్ధతిగా మార్చినవాడు జాక్సన్. ఆయన, ఆయన సహచరులు మనుషుల గొంతుల్లోంచి తీసిన రెండు వేలకు పైగా వస్తువులు ఫిలడెల్ఫియాలోని ముటర్ మ్యూజియంలో ఉన్నాయి. గుండుసూదికి ఒక పటకారు, గుండీకి ఒకటి, గింజకు మరొకటి కావాలన్నది ఆయన పట్టు. బిడ్డ గొంతులోకి పనిముట్టు పోకముందే, లోపల ఇరుక్కున్నలాంటి వస్తువునే తెచ్చి బయట పట్టి చూసుకోమన్నాడు. నేనూ అదే చేస్తాను. బిడ్డకు మత్తు ఇవ్వకముందే ఒక చెనక్కాయ గింజను ఫోర్సెప్స్‌తో పట్టి, వదిలి, మళ్లీ పట్టి చూస్తాను. ఎంత బిగిస్తే జారదో, ఎంత బిగిస్తే పగులుతుందో వేళ్లకు గుర్తు చేస్తాను.

ఆ రెంటికీ నడుమ ఉన్న ఎడం చాలా సన్నం. వదులుగా పడితే గింజ జారి ఇంకా లోతుకు పోతుంది. గట్టిగా నొక్కితే ముక్కలై చిన్న గొట్టాల్లోకి చెదురుతుంది. అందుకే చెనక్కాయ కోసం చేసిన ఫోర్సెప్స్ దవడలు మొద్దుగా ఉండవు. నడుమ ఖాళీ ఉంటుంది, అంచున సన్నటి పళ్లుంటాయి. గింజ ఉబ్బెత్తు భాగం ఆ ఖాళీలో ఒదుగుతుంది కనుక బలం ఒకేచోట పడదు. పొట్టలో కీహోల్ ఆపరేషన్లకు వాడే చాలా గ్రాస్పర్ల దవడల్లో కిటికీలు పెట్టడం వెనక కూడా ఈ ఆలోచనే ఉంది. పేగు చిరగకుండా పట్టులో నిలవాలి.

పట్టు ఒక్కటే చాలదు, చూపు కావాలి. పాత కాలంలో గొట్టం కొసన చిన్న బల్బు ఉండేది. పటకారు లోపలికి పోగానే ఆ పటకారే చూపుకు అడ్డం. 1954లో హెరాల్డ్ హాప్‌కిన్స్, పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గాజుపోగుల కట్టగుండా బొమ్మను పంపి చూపించారు. ఆ పోగులతోనే తర్వాత వెలుగు బయటినుంచి లోపలికి చేరింది. 1959లో హాప్‌కిన్స్ ఇంకో అడుగు వేశాడు. అప్పటిదాకా ఒంటి లోపల చూసే టెలిస్కోపులో గాలి నిండిన గొట్టం, నడుమనడుమ గాజు కటకాలు ఉండేవి. ఆయన దాన్ని తిరగేసి పొడవాటి గాజు కడ్డీలు పెట్టి, వాటి నడుమ గాలి సందులనే కటకాలుగా వాడాడు. సన్నటి గొట్టంలోంచి కూడా తేటగా కనిపించింది. కార్ల్ స్టార్జ్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ టెలిస్కోపును ఫోర్సెప్స్‌లోనే అమర్చాక, దవడలు గింజ మీద మూసుకోవడం కంటికి తెలిసింది.

అయినా చోటు చాలదు. రెండేళ్ల బిడ్డ శ్వాసనాళం నా చిటికెన వేలంత కూడా ఉండదు. నేను పని చేసే గొట్టంలోంచే మత్తు డాక్టరు ఊపిరి అందించాలి. టెలిస్కోపు పెట్టాక గాలికి మిగిలేది దాని చుట్టూ ఉన్న సందు మాత్రమే. గింజ దొరికాక గొట్టం, ఫోర్సెప్స్, గింజ మూడూ కలిసి బయటికి రావాలి. స్వరపేటిక దగ్గర గింజ జారి పెద్ద గొట్టానికి అడ్డం పడితే, దాన్ని వెనక్కి ఒక పక్కకు నెట్టి రెండో ఊపిరితిత్తికైనా గాలి అందేలా చేయాలి. ఆ క్షణంలో సరైన పనిముట్టు చేతిలో ఉండటం ఎంత భాగ్యమో ఆ గదిలో నిలబడినవాళ్లకు తెలుసు.

ఆ భాగ్యం ఇక్కడి బిడ్డకు దగ్గరలోనే అందాలన్నది నా కోరిక. మదనపల్లెకు ఊపిరితిత్తుల వైద్యం కొత్త కాదు. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915లోనే మొదలైంది. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది. మదనపల్లెలో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు. పిల్లల సైజు గొట్టాలు, వాటికి సరిపోయే టెలిస్కోపు, చెనక్కాయ ఫోర్సెప్స్ పూర్తి సెట్టుగా సిద్ధంగా ఉండాలి. ఒక్క ముక్క తక్కువైనా ఆ సెట్టు పనికిరాదు. ఇంకా మంచి దవడను మన పిల్లలే రూపొందించాలి. గింజ నలగకుండా కాయ ఒలిచే చేతుల మధ్య పెరిగినవాళ్లు వాళ్లు.

అమ్మలకూ అవ్వలకూ నా మనవి: నాలుగేళ్లు నిండేదాకా బిడ్డకు గింజ గింజగా ఇవ్వకండి, మెత్తగా నూరి పెట్టండి. ఒలిచేటప్పుడు రాశికి దూరంగా ఉంచండి. తింటూనో ఆడుతూనో ఉన్నట్టుండి పొలమారి దగ్గితే, తర్వాత ఎంత బాగున్నా సరే, ఆ దగ్గు సంగతి డాక్టరుకు చెప్పండి. మేం గింజను వెతకడం మొదలుపెట్టేది మీ ఆ ఒక్క మాటతోనే.